క్యూఆర్ స్టిక్కర్ పీకేస్తే జీఎస్టీ బాధ తప్పుతుందా?

కోదాడ_కొట్టు
మా వీధిలో నలుగురైదుగురు కొట్లవాళ్ళు ఫోన్‌పే, గూగుల్ పే స్టిక్కర్లు పీకేసి అట్టముక్క మీద "నగదు మాత్రమే" అని రాసి వేలాడదీశారు. కర్ణాటకలో చిన్న చిన్న కొట్లకి లక్షల్లో నోటీసులు వచ్చాయన్న వీడియోలు వాట్సాప్‌లో తిరిగిన దగ్గర్నుంచీ ఇదే వరస. నాది కిరాణా. బియ్యం, పప్పులు విడిగా తూచి అమ్ముతాను, సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు కంపెనీ సరుకు. రోజుకి తొమ్మిది, పది వేల మధ్య కౌంటర్ (అమ్మకం). జీఎస్టీ నంబర్ లేదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జగ్గయ్యపేటలో మా బావమరిది కొట్టు కూడా ఇంచుమించు ఇంతే, వాడేమో "నలభై లక్షల దాకా మనల్ని ఎవడూ అడగడు బావా" అంటాడు. పక్క ఫ్యాన్సీ షాపాయన "కాదు, ఇరవై లక్షలే" అంటున్నాడు. ఎవరిది నిజం? స్టిక్కర్ తీసేయాలా, ఉంచాలా? తీసేద్దామంటే కుర్రకారు పది రూపాయల చాక్లెట్‌కి కూడా స్కానింగే, బేరాలు పోతాయి.

బెజవాడ_భాయ్
తీసెయ్ అన్నా, ఆలోచించకు. డబ్బాలో పడ్డ నోటుకి పేరుండదు.

పద్దుల_పంతులు
మీ బావమరిది చెప్పిందీ నిజమే, మీ పక్క షాపాయన చెప్పిందీ నిజమే. సరుకులు అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ పరిమితి 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలు చేశారు కానీ కొన్ని రాష్ట్రాలు పాత 20 లక్షల దగ్గరే ఉండిపోయాయి. వాటిలో తెలంగాణ ఒకటి. ఆంధ్రలో 40. అంటే ఒకే కౌంటర్ ఉన్న రెండు కొట్లలో జగ్గయ్యపేట కొట్టుకి నంబర్ అక్కర్లేదు, కోదాడ కొట్టుకి కావాలి. మీ లెక్క చూడండి: 20 లక్షలంటే రోజుకి సుమారు 5,480 రూపాయలు, 40 లక్షలంటే 10,960. మీరు చెప్పిన తొమ్మిదిన్నర వేలంటే ఏడాదికి 34, 35 లక్షలు అవుతుంది. బోర్డర్‌కి అవతల ఉంటే హాయిగా ఉండేవారు.

ఇంకో మాట. బియ్యం పప్పుల మీద పన్ను లేదు కదా, అవి లెక్కలోకి రావు అనుకోకండి. పరిమితి చూసేటప్పుడు పన్ను లేని సరుకు అమ్మకాలు కూడా కలుపుతారు. పన్ను లేని సరుకు తప్ప వేరేది ఏదీ అమ్మనివాళ్ళకి మాత్రమే ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అవసరం లేదు.

కోదాడ_కొట్టు
ఓరి నాయనో. కొట్టు ఎత్తి ఇరవై కిలోమీటర్లు అవతల పెట్టమంటారా?

టిఫిన్_తాత
అవతల పెట్టినా మాలాంటోళ్ళకి లాభం లేదు. మాది సరుకు కాదట, సర్వీసట. ఇడ్లీ, దోసె, కూర ఏది అమ్మినా రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై లక్షలే. పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా నడిచే టిఫిన్ సెంటర్ అయినా కాస్త సెంటర్లో ఉంటే రోజుకి ఆరు వేలు దాటుతుంది. అందులో గ్యాసు, నూనె, మినప్పప్పు, మాస్టర్ జీతం, అద్దె పోతే మిగిలేది ఎంతో ఆ దేవుడికి తెలియాలి. వాళ్ళు చూసేది మిగిలింది కాదు, వచ్చింది.

బెంగుళూరు_తెలుగోడు
కర్ణాటక నోటీసులప్పుడు నేను ఇక్కడే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 2025 జులైలో జరిగింది అది. ఇక్కడి వాణిజ్య పన్నుల శాఖ నాలుగేళ్ళ యూపీఐ జమలు తీసుకుని, పరిమితి దాటిన ఖాతాలవాళ్ళకి నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్ళకి 1.63 కోట్లు వచ్చాయని 29 లక్షలు కట్టమన్నారు. తాజా కూరగాయల మీద పన్నే లేదు! మా ఆఫీసు కింద టీ కొట్టు, బేకరీ, జిరాక్స్ షాపు అందరూ "నో యూపీఐ" కాగితాలు అంటించారు. నిరసనగా పాలు ఆపేసి బ్లాక్ టీ అమ్మారు. జులై 25న బంద్ అన్నారు, అంతకు ముందే ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో కూర్చుని పాత బకాయిలు వసూలు చేయం, రిజిస్టర్ చేసుకోండి అనడంతో బంద్ ఆగింది.

ఆ కాగితాలు ఎన్నాళ్ళో నిలవలేదు. మా బేకరీ ఆయన మళ్ళీ స్కానర్ పెట్టాడు. ఎందుకంటే ఎదురు బేకరీ ఆయన అసలు తియ్యనే లేదు, జనం అటు పోయారు.

బెజవాడ_భాయ్
చూశారా, గవర్నమెంటే వెనక్కి తగ్గింది. అందరూ కలిసి స్టిక్కర్లు తీసేస్తే ఇక్కడా ఎవరూ రారు.

రిటైర్డ్_గుమాస్తా
భాయ్, వెనక్కి తగ్గింది పాత బకాయిల మీద. పరిమితి దాటినవాళ్ళు రిజిస్టర్ చేసుకోవాలన్న దాని మీద తగ్గలేదు. నేను పన్నుల శాఖలో పనిచేసి వచ్చినవాణ్ణి. నగదుకి పేరుండదు అన్నావు, ఆ నగదు చివరికి ఎక్కడికి పోతుంది? సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి పది లక్షలు దాటి నగదు వేస్తే బ్యాంకు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి తెలియజేయాలి. కరెంట్ ఖాతా అయితే 50 లక్షలు. డిస్ట్రిబ్యూటర్ ఎవరికి ఎంత సరుకు వేశాడో వాడి పుస్తకాల్లో ఉంటుంది. స్టిక్కర్ పీకితే కనపడకుండా పోయేది నీ లెక్క నీకే, వాళ్ళకి కాదు.

ఓరుగల్లు_పోరడు
గుమాస్తా సార్ చెప్పింది కరెక్టే కానీ ఒక ముచ్చట మర్చిపోయిండు. యూపీఐలో పడే పైసలన్నీ వ్యాపారం పైసలేనా? నాకు మొబైల్ యాక్సెసరీస్ షాపుంది. అదే నంబర్‌కి మా చెల్లె అద్దె పంపిస్తది, చీటీ పాట ఎత్తితే అండ్లనే వస్తది, దోస్తు చేబదులు తీసుకుని తిరిగి కొడితే అదీ అక్కడే. నోటీసు వస్తే ఇవన్నీ టర్నోవరే (వ్యాపారం అమ్మకాలే) అంటరు. కాదని చూపెట్టాల్సింది మనమే.

పద్దుల_పంతులు
అందుకే ముందు చేయాల్సిన పని అదే. షాపుకి వేరే ఖాతా, వేరే మర్చంట్ క్యూఆర్. ఇంటి డబ్బు, చీటీ డబ్బు దానిలో పడకూడదు. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో పన్ను కట్టాల్సి వచ్చి బాధపడేవాళ్ళకంటే ఏది వ్యాపారం డబ్బో, ఏది కాదో విడదీయలేక బాధపడేవాళ్ళే ఎక్కువ.

మామిడి_మామయ్య
నేను రైతుబజారు దగ్గర పళ్ళ బండి. మాకు పన్ను లేదంటున్నారు కదా, మరి మేమెందుకు స్టిక్కర్ తీయాలి? మా పక్క బండి వాడు భయపడి తీసేశాడు.

పద్దుల_పంతులు
మామయ్యా, తాజా పళ్ళు, కూరగాయలు, పూలు, పాలు వీటికి పన్ను లేదు. అవి మాత్రమే అమ్ముతున్నంత కాలం రిజిస్ట్రేషన్ కూడా లేదు. పెట్టుకోండి నిక్షేపంగా. పైగా వీధి వ్యాపారుల స్వనిధి లోను తీసుకుని ఉంటే డిజిటల్‌గా తీసుకున్నందుకు క్యాష్‌బ్యాక్ వస్తుంది. మొదటి లోను ఇప్పుడు 15,000 చేశారు, అది తీర్చితే 25,000, తర్వాత 50,000. కొనుగోలు చీటీలు మాత్రం దాచండి, మార్కెట్ యార్డులో ఇచ్చే పచ్చ కాగితాలైనా సరే.

మామిడి_మామయ్య
ఆ చీటీలతో మా ఆవిడ పొయ్యి అంటిస్తోంది. ఇవ్వాళ్టి నుంచి ఆపిస్తా.

సీతాకోక_బొటిక్
2,000 దాటి ఫోన్‌పే చేస్తే జీఎస్టీ వేస్తారంటున్నారు, నిజమేనా? కస్టమర్లు బ్లౌజు డబ్బులు 1,999, 1,999 అని ముక్కలు చేసి పంపుతున్నారు, నాకు నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు.

రిటైర్డ్_గుమాస్తా
అది పుకారు. 2025 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆర్థిక శాఖ అలాంటి ఆలోచన లేదని ప్రకటన ఇచ్చింది. పన్ను అమ్మకం మీద, డబ్బు ఏ దారిలో వచ్చిందన్న దాని మీద కాదు. నగదుగా ఇచ్చినా అదే పన్ను, ఫోన్‌లో ఇచ్చినా అదే. మనవాళ్ళలో ఇది ఒక్కటి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

బెజవాడ_భాయ్
చట్టం చెప్పేది అదే గుమాస్తా గారూ, కానీ నగదుగా వస్తే చూపించరు కదా, అందరికీ తెలిసిన రహస్యమే. ఎందుకు ఈ ముసుగులో గుద్దులాట.

కోదాడ_కొట్టు
సరే, నంబర్ తీసుకుంటా అనుకుందాం. కాంపోజిషన్ అని ఒకటుందట కదా, ఒక శాతం కట్టేసి కూర్చోవచ్చని. వ్యాట్ రోజుల్లో మా నాన్న టీఓటీ (టర్నోవర్ ట్యాక్స్) అని ఒక శాతం కట్టేవాడు, అలాంటిదేనా?

రిటైర్డ్_గుమాస్తా
దాని తమ్ముడే.

పద్దుల_పంతులు
అలాంటిదే, కానీ 2025 సెప్టెంబర్ 22 తర్వాత లెక్క మారింది. ఇది కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

కాంపోజిషన్: ఏడాదికి కోటిన్నర దాకా టర్నోవర్ ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. సరుకు కొని అమ్మేవాళ్ళకి 1 శాతం, అదీ పన్ను ఉన్న సరుకు అమ్మకాల మీదే. మీ విడి బియ్యం, పప్పులు అందులో లేవు. మూడు నెలలకోసారి సీఎంపీ 08 అనే ఫారంతో పన్ను కట్టి, ఏడాదికి ఒక రిటర్న్ (లెక్కల పత్రం) వేస్తే చాలు. కానీ మీరు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు, కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. విజయవాడ నుంచి కొనుక్కోవచ్చు, విజయవాడకి అమ్మకూడదు. బోర్డర్ అవతలి మనిషి మీ కొట్టుకే వచ్చి కొనుక్కుపోతే ఇబ్బంది లేదు, అది ఇక్కడి అమ్మకమే.

ఇప్పుడు అసలు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. ఒక ఉదాహరణ వేద్దాం. 90 రూపాయల సరుకు, మీద 5 శాతం పన్ను, మీకు పడేది 94.50. మీరు 105కి అమ్ముతారు. మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉంటే ఆ 105లో పన్ను 5 రూపాయలు, మీరు కొన్నప్పుడు కట్టిన 4.50 తీసేసి కట్టేది అర్ధరూపాయి, మిగిలేది 10. కాంపోజిషన్‌లో అయితే 105 మీద ఒక శాతం 1.05 కట్టాలి, మిగిలేది 9.45. అంటే కాంపోజిషన్‌లోనే తక్కువ మిగులుతోంది!

అదే 18 శాతం ఉన్న రోజుల్లో చూడండి. కొన్నది 106.20, అమ్మింది 118. మామూలుగా అయితే 1.80 కట్టి మిగిలేది 10. కాంపోజిషన్‌లో 1.18 కట్టి మిగిలేది 10.62. అప్పుడు అందరికీ "కాంపోజిషన్ తీసుకో" అని చెప్పేవాళ్ళం. ఇప్పుడు 5 శాతం సరుకే ఎక్కువ ఉండి, మార్జిన్ తక్కువ ఉన్న కిరాణాకి మామూలు రిజిస్ట్రేషనే లాభం. కాకపోతే బిల్లులు రాయాలి, రిటర్నులు ఎక్కువ, కన్సల్టెంట్ ఫీజు ఎక్కువ. ఏడాదికి పది వేలు పన్ను మిగుల్చుకుని పన్నెండు వేలు ఫీజు కడితే ఏం లాభం, అది మీరు లెక్క వేసుకోండి.

ఓరుగల్లు_పోరడు
పంతులు గారు తన ఫీజు తనే తగ్గించుకునే సలహా ఇచ్చిండు. స్క్రీన్‌షాట్ తీసుకున్న.

టిఫిన్_తాత
మా హోటళ్ళకి?

పద్దుల_పంతులు
తాతగారూ, మీకు మామూలుగా అయినా 5 శాతమే, కాంపోజిషన్ అయినా 5 శాతమే. మామూలు దాంట్లో కూడా కొన్నవాటి పన్ను వెనక్కి రాదు. తేడా ఏమిటంటే మామూలుగా ఉంటే బిల్లులో విడిగా వేసి కస్టమర్ దగ్గర తీసుకోవచ్చు, కాంపోజిషన్‌లో మీ జేబులోంచే కట్టాలి. కాగితం పని తక్కువ కావాలంటే కాంపోజిషన్.

టిఫిన్_తాత
బిల్లులో విడిగా వేస్తే ప్లేటు ఇడ్లీకి రూపాయిన్నర, రెండు రూపాయలు పెరుగుతుంది. ఎదురుగా నంబర్ లేని బండి ఉంది. నా దగ్గర తినే ఆటోవాళ్ళు రెండు రూపాయలకి రోడ్డు దాటుతారు, నేను తప్పు పట్టను. అందుకని నేను ధర పెంచలేదు. ఇడ్లీ సైజు తగ్గించలేదు కూడా, అది పాపం. కొబ్బరి చట్నీ రెండోసారి అడిగితే పల్లీ చట్నీ వేస్తున్నా. పార్సిల్‌కి డబ్బా ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు గిన్నె తెచ్చుకోమంటున్నా. దాంతోనే చాలా మిగిలింది. యాప్‌ల ద్వారా వచ్చే ఆర్డర్లకి మాత్రం పన్ను వాళ్ళే కడతారు, 2022 జనవరి నుంచి అలాగే ఉంది.

పద్దుల_పంతులు
వాళ్ళు కడతారు కానీ ఆ అమ్మకం కూడా మీ ఇరవై లక్షల లెక్కలో కలుస్తుంది, మర్చిపోకండి.

టిఫిన్_తాత
మంచి వార్త ఒక్కటైనా చెప్పవయ్యా.

బెజవాడ_భాయ్
కొట్టుని రెండు ముక్కలు చెయ్యండి. సగం మీ పేరు, సగం వదినగారి పేరు. రెండు పాన్ కార్డులు, రెండు క్యూఆర్‌లు. మా వైపు చాలామంది చేసేది ఇదే.

రిటైర్డ్_గుమాస్తా
ఒకే గది, ఒకే తక్కెడ, ఒకే కరెంటు మీటర్, ఒకే డిస్ట్రిబ్యూటర్. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఒకడే. ఇన్‌స్పెక్టర్ వచ్చి "అమ్మా, మీ వ్యాపారం ఏమిటి" అంటే ఆవిడ వంటింట్లోంచి వస్తుంది. నిజంగా ఆవిడ వేరే వ్యాపారం చేస్తుంటే వేరే సంగతి. కాగితం మీద మాత్రమే అయితే రెండూ కలిపి పన్ను, వడ్డీ, పెనాల్టీ వేస్తారు. చూసినవాణ్ణి చెప్తున్నా.

సీతాకోక_బొటిక్
"వదినగారి పేరు" అని అంత తేలిగ్గా అనేశారు. నాకు తెలిసినావిడ అలాగే పేరు ఇచ్చింది, భర్త రిటర్నులు వేయలేదు, ఇప్పుడు ఆవిడ పేరున మళ్ళీ నంబర్ తీసుకోవాలంటే పాతది క్లియర్ చేయమంటున్నారు. సంతకాలు పెట్టేముందు అడగండమ్మా, ఎవరైనా సరే.

బెజవాడ_భాయ్
సరే సరే, వెనక్కి తీసుకున్నా.

మిల్లు_బాబాయ్
చట్టానికి తగ్గట్టు మారడమంటే మా మిర్యాలగూడ మిల్లుల్ని చూడండి. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల దాకా 5 శాతం, ఆ పైన లేదు అన్నారు. అంతే, బజారులోకి 26 కిలోల బస్తా వచ్చేసింది. ఒక్క కిలో ఎక్కువ వేస్తే పన్ను లేదు. సంచులు ప్రింటు చేసేవాడికి పండగ, మోసే హమాలీకి నడుం నొప్పి. మీ ఇంట్లో బస్తా ఉంటే ఓసారి వెళ్ళి చూసుకోండి ఎంత రాసుందో.

ఓరుగల్లు_పోరడు
చూసిన. 26. ఇన్ని రోజులు మిల్లోడు ప్రేమతో కిలో ఎక్కువ పెట్టిండు అనుకున్న.

కోదాడ_కొట్టు
నా కొట్లో అన్నీ 26వే, నేను వాటిని విప్పి కిలో, రెండు కిలోలు తూస్తా. అది తప్పా?

పద్దుల_పంతులు
తప్పు కాదు. ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటిస్తే పన్ను. కస్టమర్ ఎదురుగా విడిగా తూచి ఇస్తే లేదు. రద్దీ తగ్గిద్దామని ముందే ఐదు కిలోల ప్యాకెట్లు కట్టి మీ కొట్టు పేరు, బరువు, ధర ముద్రించి పెట్టకండి.

అట్టపెట్టెల_ఆసామి
మీరంతా కస్టమర్‌కి అమ్మేవాళ్ళు, మీ బాధ పన్ను. మాలాంటి చిన్న యూనిట్ల బాధ వేరు, డబ్బు రాదు. నేను అట్టపెట్టెలు చేసి పచ్చళ్ళ కంపెనీలకి, మందుల కంపెనీలకి వేస్తాను. జీఎస్టీ నేను మరుసటి నెలే కట్టాలి, పెద్ద కంపెనీ నాకు నాలుగు నెలలకి ఇస్తుంది. అంటే రాని డబ్బు మీద పన్ను ముందు కడుతున్నా.

2023-24 లెక్కల సంవత్సరం నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 43బీ(హెచ్) అని తెచ్చారు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి రాతకోతలు ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఏమీ లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ ఖర్చు కొన్నవాడి లెక్కలో ఆ ఏడాది ఒప్పుకోరు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. చదివి పండగ చేసుకున్నా. మార్చి వచ్చేసరికి నా పెద్ద కస్టమర్ ఒకరు ఫోన్ చేసి "మీ ఉద్యం నంబర్ (చిన్న పరిశ్రమగా నమోదు) రద్దు చేసుకుంటారా, లేకపోతే వేరేవాళ్ళ దగ్గర కొంటాం" అన్నారు. మధ్య తరహా పరిశ్రమలకి ఈ రూలు వర్తించదు, అందుకని ఆర్డర్లు అటు మళ్ళించారు. మంచి కోసం తెచ్చిన రూలే నా ఆర్డర్ తీసుకుపోయింది.

మిల్లు_బాబాయ్
రద్దు చేసుకున్నారా?

అట్టపెట్టెల_ఆసామి
లేదు. వాళ్ళని వదిలేశా. కొన్నాళ్ళు మెషిన్ సగమే తిరిగింది, అబద్ధం చెప్పను. తర్వాత చిన్న పచ్చళ్ళవాళ్ళు, స్వీట్ షాపులు, ఆన్‌లైన్‌లో పొడులు అమ్మే ఆడవాళ్ళు, ఇలా చిల్లర ఆర్డర్లు పట్టా. సగం అడ్వాన్సు, సగం డెలివరీకి. పది రోజుల్లో ఇస్తే రెండు శాతం తగ్గిస్తా. ఒక్కొక్కరిది చిన్న ఆర్డరే, డిజైన్ తలనొప్పి ఎక్కువ, కానీ ఎవరి వెంటా తిరగక్కర్లేదు. మిగిలిన ఒక పెద్ద కంపెనీతో 45 రోజులని కాగితం రాయించుకున్నా. వాళ్ళు ఆలస్యం చేస్తే చట్టం ప్రకారం బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు, ప్రభుత్వ పోర్టల్‌లో కేసు వేయొచ్చు. వేస్తే గెలుస్తాం, ఆ కస్టమర్ మాత్రం మళ్ళీ ఆర్డర్ ఇవ్వడు. అందుకే చాలామంది వేయరు.

పద్దుల_పంతులు
ఒక చిన్న చేర్పు: కొని అమ్మే వ్యాపారులకి ఉద్యం నంబర్ ఉన్నా ఈ 45 రోజుల రక్షణ రాదు, బ్యాంకు లోన్ల కోసం మాత్రమే అది. తయారీ, సర్వీసు వాళ్ళకే.

కోదాడ_కొట్టు
నంబర్ కోసం ఇవ్వాళ కన్సల్టెంట్‌ని కలిశా. కొట్టు ఓనర్ దగ్గర్నుంచి ఒప్పుకోలు పత్రం, కరెంటు బిల్లు కావాలన్నాడు. ఓనర్‌ని అడిగితే "నీ జీఎస్టీ నాకెందుకు, రేపు నా ఇంటి పన్ను కమర్షియల్ చేస్తారు" అని తలుపేసుకున్నాడు. చట్టం పాటిద్దామన్నా దారి లేదు.

సీతాకోక_బొటిక్
నాకూ అదే అయింది గుంటూరులో. మా ఓనరమ్మ మూడు నెలలు తిప్పింది. చివరికి మా కాంప్లెక్సులో ఎనిమిది షాపులవాళ్ళం కలిసి వెళ్ళాం. ఒక్కళ్ళు అడిగితే భయం, ఎనిమిది మంది అడిగితే ఎనిమిది అద్దెలు పోతాయన్న ఆలోచన. వెంటనే రాసిచ్చింది. అప్పుడే ఇంకో పని కూడా చేశాం. బీకాం చదివి ఇంట్లో ఉన్న ఒక అమ్మాయిని అందరం కలిసి పెట్టుకున్నాం. వారానికి రెండు రోజులు వచ్చి ఎనిమిది షాపుల బిల్లులు ఎక్కిస్తుంది. రిటర్న్ మాత్రం కన్సల్టెంట్ చూస్తాడు. ఒక్కొక్కరికి పడే ఖర్చు విడిగా కన్సల్టెంట్‌కి మొత్తం ఇచ్చేదాంట్లో సగం కూడా లేదు. ఆ అమ్మాయికి పక్క లైను షాపులు కూడా వచ్చాయి ఇప్పుడు.

ఓరుగల్లు_పోరడు
అక్కా, ఇది మస్తు ఐడియా. మా లైన్‌ల అందరం ఒకరి లెక్క ఒకరికి తెలుస్తదని భయపడతం.

సీతాకోక_బొటిక్
మాకూ ఆ భయం ఉండింది. ఫ్యాన్సీ షాపావిడ "నా సేల్స్ దీనికి ఎందుకు చూపించాలి" అని మొదట్లో చేరలేదు. తర్వాత లేట్ ఫీజు పడ్డాక చేరింది.

రిటైర్డ్_గుమాస్తా
లేట్ ఫీజంటే గుర్తొచ్చింది. అమ్మకాలు ఏమీ లేని నెలలకి కూడా రిటర్న్ వేయాల్సిందే, రోజుకి 20 రూపాయల లెక్కన పెరుగుతుంది. అమ్మకాలుంటే 50. ఏమీ లేని రిటర్న్ ఫోన్‌లోంచే 14409కి ఎస్సెమ్మెస్ పంపి వేయొచ్చు. షాపు మూసేశాక నంబర్ రద్దు చేసుకోకుండా వదిలేసినవాళ్ళు ఎంతమందో. షట్టర్ దించడంతో అయిపోదు.

సీతాకోక_బొటిక్
పంతులు గారూ, నాదొక సందేహం. కుట్టుపని ఇరవై లక్షల లోపే. కానీ ఇన్‌స్టాలో చీరలు కూడా పెడుతున్నా, నెలకి నాలుగైదు బెంగళూరు, చెన్నై పోతాయి. నాకు నంబర్ ఉంది కాబట్టి సరే. మా చెల్లెలు కూడా మొదలుపెడదామనుకుంటోంది, దానికి ఏడాదికి రెండు లక్షలు కూడా రాదు. దానికీ కావాలా?

పద్దుల_పంతులు
పన్ను ఉన్న సరుకు వేరే రాష్ట్రానికి పంపితే పరిమితితో పని లేదు, మొదటి చీరకే రిజిస్ట్రేషన్ కావాలి. అదీ కాంపోజిషన్ కుదరదు. కుట్టుపని లాంటి సర్వీసు వేరే రాష్ట్రం వాళ్ళకి చేసినా 20 లక్షల దాకా అక్కర్లేదు. హస్తకళా వస్తువులకి కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లెలు అమ్మేవి ఏ చీరలో చూసి చెప్పాలి. అప్పటిదాకా ఆంధ్రలోనే అమ్మమనండి.

సీతాకోక_బొటిక్
హైదరాబాద్ కూడా వేరే రాష్ట్రమే కదా ఇప్పుడు! సగం కస్టమర్లు అక్కడే.

బెజవాడ_భాయ్
2014లో విడిపోయింది మనం, ఇన్నేళ్ళకి ఏడుస్తున్నది చీరల పార్సిల్ 😄

కోదాడ_కొట్టు
మా వరసలో ఉన్న నలుగురు కొట్లవాళ్ళతో మాట్లాడా, ఆ ఓనర్‌కే మూడు కొట్లు ఉన్నాయి, ఆదివారం కలిసి వెళ్తున్నాం. సీతాకోక అక్కకి థాంక్స్. కాంపోజిషనా, మామూలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నా సరుకులో 5 శాతంవి ఎన్ని, 18వి ఎన్ని అని కొనుగోలు బిల్లులు ముందేసుకుని కూర్చుంటే ఇంకో సంగతి బయటపడింది. నోటుపుస్తకాలు, పెన్సిళ్ళకి ఇప్పుడు అసలు పన్నే లేదట, నా దగ్గరేమో పాత పన్ను కట్టి కొన్న స్టాకు రెండు అట్టపెట్టెలుంది. పాత రేటుకి అమ్మితే పిల్లలు పక్క షాపుకి పోతారు.

పద్దుల_పంతులు
మీకు నంబర్ లేదు కాబట్టి ఆ పన్ను ఎలాగూ మీ ఖర్చే. నంబర్ ఉన్నవాళ్ళ సంగతి కూడా పెద్ద తేడా లేదు, అది పన్ను లేని సరుకుగా మారాక, కొన్నప్పటి పన్నుకి తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. డిస్ట్రిబ్యూటర్‌ని తేడా ఇమ్మని అడగండి, కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. ఇవ్వకపోతే కొన్న ధరకి వదిలించుకోండి, దాచుకుంటే ఇంకా తగ్గుతుంది.

ఆదివారం వెళ్ళేటప్పుడు ఒప్పుకోలు పత్రం నమూనా ముందే టైపు చేయించి పట్టుకెళ్ళండి, ఓనర్ సంతకం మాత్రమే పెట్టేలా. ఇంటి పన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ ఒక్కటి చాలు. పాన్, ఆధార్, ఫోటో మీవి. ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు ఏమీ లేదు, ఎవరైనా ఉందంటే నమ్మకండి. కాంపోజిషన్ కావాలంటే దరఖాస్తులోనే టిక్ పెట్టాలి. ఇప్పుడు మామూలుగా తీసుకుని తర్వాత మారదామంటే కొత్త లెక్కల సంవత్సరం మొదలయ్యే ముందే అడగాలి, మధ్యలో కుదరదు. కాంపోజిషన్ అయితే కొట్టు బోర్డు మీద ఆ మాట రాయించాలి.

మిల్లు_బాబాయ్
బోర్డు పెయింటర్‌కి డబ్బులు యూపీఐలో ఇవ్వకండి, పాపం అతనూ భయపడుతున్నాడేమో.

కోదాడ_కొట్టు
అతను నగదే అన్నాడు బాబాయ్, నిజంగానే 😀 ఓనర్ ఏమన్నాడో సోమవారం రాస్తా.